ఊరందరి నోట్లో ఆడే ఎండాకాలం పాట ఏమైంది? సినిమా సంగీతం పెద్దలకు సింగరాయకొండ నుంచి బహిరంగ లేఖ

తెలుగు సినిమా సంగీత దర్శకులకు, నిర్మాతలకు, పాటల హక్కులు కొనుక్కున్న ఆడియో కంపెనీల పెద్దలకు,

నమస్కారం. మీ పాటలు వాయించుకునే ఇన్నాళ్లూ మా పొయ్యి వెలిగింది, ఆ కృతజ్ఞత మాకుంది. మర్యాదలు అక్కడితో ఆపి విషయంలోకి వస్తా.

మాది ప్రకాశం జిల్లా సింగరాయకొండ. నేను పెళ్లి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తా. ఇటు టంగుటూరు, కొండపి, ఒంగోలు, అటు కావలి, నెల్లూరు దాకా రిసెప్షన్లకీ తిరునాళ్లకీ పోతుంటాం. ఎండాకాలం మొదలవక ముందే మా ఆర్కెస్ట్రా వాళ్లం, బ్యాండ్ మేళం వాళ్లు కొందరు, సౌండ్ బాక్సులు అద్దెకిచ్చే కుర్రాళ్లు కలిసి సంతకాలు పెట్టి ఒక ఉత్తరం తయారుచేసి ఒక ఆడియో కంపెనీకి, కొందరు నిర్మాతల ఆఫీసులకు పంపాం. ఒక చోటి నుంచి "మీ మెయిల్ అందింది, ధన్యవాదాలు" అని మిషన్ పంపే జవాబు వచ్చింది. ఇంకో చోట ఫోనెత్తినాయన మొత్తం విని "ఇంతకీ మీకు ఏ సినిమాలో ఛాన్స్ కావాలండీ?" అన్నాడు. మిగతా చోట్ల అదీ లేదు. ఇప్పుడు ఆషాఢం వచ్చింది, ముహూర్తాల్లేవు, మాకు ఖాళీ దొరికింది, అందుకని ఈసారి అందరూ చదివేలా రాస్తున్నా.

మేం అడిగింది ఒక్కటే. ఎండాకాలం వచ్చిందంటే ఊరందరి నోట్లో ఒకే పాట ఆడే రోజులు పోయాయా? పోతే ఎవరు పోగొట్టారు?

నేను చెప్పేది ఏమిటంటే, హిట్లకేం లోటు లేదు, వారానికి రెండు పుడుతున్నాయి. అందరిదీ అనిపించుకునే హిట్టే కరువైంది. జనానికి అభిరుచి చచ్చిపోయిందనో, ఫోన్లు వచ్చి చెడగొట్టాయనో మీరంటారు. ఫోన్ల పాత్ర కొంత ఉంది, కాదనను. కానీ అసలు తిరకాసు మీరు పాటను బయటికి వదిలే పద్ధతిలో ఉంది.

రిసెప్షన్లో స్టేజీ ముందు ఒక స్టీలు ప్లేటు పెడతాం. పాట కావాల్సినవాళ్లు చీటీ రాసి, దాని మీద యాభయ్యో వందో పెట్టి అందులో వేస్తారు. ఒకప్పుడు వైశాఖంలో ఆ ప్లేటు చూస్తే చాలు, ఆ ఏడు ఏ పాట ఆడుతోందో తెలిసిపోయేది. పెళ్లికొడుకు మేనమామ చీటీలోనూ అదే పాట, వంటవాళ్లతో వచ్చిన కుర్రాడి చీటీలోనూ అదే పాట. ఒకే రాత్రి నాలుగైదు సార్లు పాడీ పాడీ మా సింగర్ "అన్నా, ఇంకోసారి ఆ పాటంటే నేను స్టేజీ దిగి పోతా" అనేవాడు. ఇప్పుడు చీటీ చీటీకీ ఒక పాట. కొన్నిట్లో పేరు కూడా ఉండదు, "రీల్స్‌లో వస్తది, నల్ల చొక్కా, భుజాలు ఊపేది" అని రాస్తారు. మొన్న కావలిలో ఒక పాప స్టేజీ పక్కకొచ్చి ఫోను నా చెవికి ఆనించి వినిపించింది. పదిహేను సెకన్లు వచ్చింది, మళ్లీ మొదటికే పోయింది. "తర్వాత ఏముందమ్మా?" అంటే "అంతే అంకుల్, అదే పాట" అంది.

సరే, ఆ పాట పూర్తిగా నేర్చుకుని వాయించామే అనుకోండి. హుక్ స్టెప్ ఉన్నంతసేపు ఓ పదిమంది ఎగురుతారు. చరణంలోకి దిగగానే ఒకరి మొహం ఒకరు చూసుకుని ఐస్‌క్రీమ్ స్టాల్ వైపు నడుస్తారు. అదే పాత పాట ఒకటి ఎత్తుకుంటే కుర్చీల్లోంచి అమ్మమ్మలు కూడా లేస్తారు. 1990 మే 9న, తుఫాను కోస్తాను ముంచేసిన రోజుల్లో, జగదేకవీరుడు అతిలోకసుందరి విడుదలైంది. ఇళయరాజాగారి సంగీతం. బయట గాలీ వానా, అయినా ఆ పాటలు ఆ ఎండాకాలమంతా తిరిగాయి. ముప్పై ఐదేళ్ల తర్వాత 2025 మే 9న అదే సినిమాను త్రీడీలో మళ్లీ విడుదల చేశారు. ఆ వైశాఖంలో మా ప్లేట్లో నిజంగా ఒకటికి నాలుగుసార్లు పడ్డ చీటీలు ఆ పాటలవే. 2025 ఎండాకాలానికి మా వైపు ఉమ్మడి పాట 1990 నుంచి రావాల్సి వచ్చిందంటే మీకు ఏమనిపిస్తోంది?

మా చెల్లెలు పొగాకు గ్రేడింగ్‌కి పోతుంది. వేలం సాగే నెలల్లో ఇక్కడ ఏ షెడ్డులో చూసినా ఆడవాళ్లు వరసగా కూర్చుని ఆకు రంగును బట్టి, మచ్చను బట్టి వేరుచేస్తుంటారు. ఇదివరకు దూలానికి ఒక టేప్ రికార్డర్ వేలాడేది, ఆకు దుమ్ము పోకుండా మీద తడిగుడ్డ. క్యాసెట్ అయిపోతే ఎవరో ఒకరు లేచి తిప్పి వేసేవాళ్లు, పదిరోజుల్లో ఆ క్యాసెట్‌లోని ఆరు పాటలూ, చరణాలతో సహా, షెడ్డు మొత్తానికి నోటికొచ్చేవి. ఇప్పుడు మా చెల్లెలి చెవిలో ఒకటి, పక్కామె ఒడిలో ఫోన్లో అన్నమయ్య కీర్తన, ఆ పక్కన చదువు మానేసిన పిల్ల ఇయర్‌బడ్స్‌లో తమిళ పాట. ఎవరికి నచ్చింది వాళ్లు వింటున్నారు, హాయిగానే ఉన్నారు. టేప్ రికార్డర్ కాలంలో నచ్చినా నచ్చకపోయినా వినాల్సి వచ్చేది, అది కూడా నిజమే (మా మైకుల దెబ్బకి పరీక్షల పిల్లలు మమ్మల్ని ఎన్ని తిట్టుకున్నారో!). కానీ ఒకరు పల్లవి ఎత్తుకుంటే ఇంకొకరు అందుకోవడం అనేది ఆ షెడ్డులో లేకుండా పోయింది.

ఇదేదో మా ఊరి గోల అనుకోకండి. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక వేసవి పాటలకని ప్రత్యేకంగా ఒక చార్టు వేస్తుంది, మే చివరి సోమవారం నుంచి సెప్టెంబరు మొదటి సోమవారం దాకా, అది వాళ్ల ఎండాకాలం. 2017లో డెస్పాసీటో అనే స్పానిష్ పాట ఆ పత్రిక ప్రధాన చార్టు హాట్ 100లో 16 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది, ఆ భాష ఒక్క ముక్క రాని మా కుర్రాళ్లు కూడా ఇక్కడ కూనిరాగం తీశారు. అదే చార్టులో 2019లో ఓల్డ్ టౌన్ రోడ్ అనే పాట 19 వారాలు, 2024లో షబూజీ అనే గాయకుడి పాట కూడా 19 వారాలు. అంత బలమైన చార్టు ఉన్న దేశంలో కూడా 2025లో "ఈ వేసవికి అందరి పాట ఏదీ?" అని పత్రికలు రాశాయి. చార్టులో నెలల తరబడి మొదట ఉన్న పాట పక్కింటివాడికి తెలియకపోవచ్చు, ఎందుకంటే స్ట్రీమింగ్ లెక్కల తీరే అంత. ఒకడే వందసార్లు విన్నా వందే, వందమంది ఒక్కోసారి విన్నా వందే. మీరు "24 గంటల్లో ఇన్ని మిలియన్ల వ్యూస్" అని పోస్టర్ వేసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఆ మిలియన్లలో టంగుటూరు వేలం కేంద్రం బయట టీ కొట్టాయన ఉన్నాడా లేడా అన్నది ఆ పోస్టర్ చెప్పదు.

మరి మీ పద్ధతిలో తప్పేముంది అంటారా. ఇదివరకు ఆడియో ఫంక్షన్ అయిన మర్నాటికి పాటలన్నీ బస్టాండు క్యాసెట్ల షాపులో ఉండేవి. జనం అన్నీ విని వాళ్లకు కావాల్సింది వాళ్లే తేల్చుకునేవాళ్లు, మీరు పెద్దగా నమ్మకం పెట్టుకోని ఆరో పాటే ఒక్కోసారి ఊళ్లు ఏలేది. ఇప్పుడు ముందు పాటకి ఒక ప్రోమో, తర్వాత ఫస్ట్ సింగిల్, రెండు నెలలకి సెకండ్ సింగిల్, ఆ తర్వాత లిరికల్ వీడియో, సినిమా వచ్చాక ఫుల్ వీడియో. కూర ఇవాళ వడ్డించి అన్నం రెండు నెలల తర్వాత పెట్టినట్టుంది మీ వ్యవహారం. ఈలోగా సినిమా వాయిదా పడుతుంది. 2024నే తీసుకోండి: ఐపీఎల్ ఒక పక్క, మే 13న మన రాష్ట్రంలో పోలింగ్ ఒక పక్క, మే 9న రావాల్సిన కల్కి సినిమా జూన్ 27కి పోయింది, సినిమాల్లేక తెలంగాణలో సింగిల్ స్క్రీన్ హాళ్లు మే నెలలో పదిరోజులు మూసుకున్నారు. ఎండాకాలంలో సినిమానే లేకపోతే ఎండాకాలం పాట యాడ నుంచి వస్తుంది?

ఇంకోటి, చెబితే కోపం తెచ్చుకోకండి. అయిదు భాషల్లో ఒకేసారి విడుదల చేయాలని పాట రాయించేటప్పుడు తెలుగు మాట పలచబడిపోతోంది. ఏ భాషలోకైనా అతికే అరుపులు, ఈలలు, ఇంగ్లీషు ముక్కలు మిగులుతున్నాయి. అది వినడానికి ఊపుగా ఉంటుంది, పాడుకోవడానికి మాత్రం ఏమీ ఉండదు.

అయినా మీకు చేతకాదని నేను అనను, చేసి చూపించారు. 2021 నవంబరులో నాటు నాటు పాట వచ్చింది, 2022 మార్చి 25న ఆర్ఆర్ఆర్ సినిమా వచ్చింది, ఆ ఎండాకాలం మేం వాయించని పెళ్లి లేదు, 2023 మార్చిలో ఆస్కార్ కూడా వచ్చింది. ఆ పాట నిండా జాతరలూ రొట్టెలూ మిరపతొక్కూ, అంతా మన మట్టి వాసన. ఏ దేశంవాడూ అర్థం కాలేదని మానేయలేదు కదా. ఇంకా చిత్రం బుల్లెట్టు బండి సంగతి. అది సినిమా పాటే కాదు. 2021 ఏప్రిల్‌లో మోహన భోగరాజుగారు పాడిన ప్రైవేటు పాట. ఆ ఆగస్టులో తెలంగాణలో ఒక పెళ్లికూతురు బరాత్‌లో పెళ్లికొడుకు ముందు దానికి డ్యాన్స్ చేసిన వీడియో తిరిగాక తెలుగువాళ్ల పెళ్లిళ్లన్నిట్లోకీ పాకింది. పాటను అందరిదీ చేసింది ఒక పెళ్లి ఊరేగింపు. కోట్లు పోసి మీరు వెతుక్కునే ఆ చోటులోనే మేం రోజూ వాయిస్తున్నాం.

ఈ పద్ధతి వల్ల ఎవరికి ఏమవుతోందో ఇక వరసగా చెబుతా.

1. బ్యాండ్ మేళం వాళ్లు. ట్రంపెట్, క్లారినెట్ వాయించేవాళ్లలో చాలామందికి నొటేషన్, అంటే రాసిన స్వరాలు చూసి వాయించడం, రాదు, చెవితో విని పట్టుకుంటారు. పదిమంది కలిసి కూర్చుని, ఒకాయన రాగం దొరకబుచ్చుకుని మిగతావాళ్లకి నేర్పి, డ్రమ్ముల దెబ్బ కుదిరేసరికి వారం పడుతుంది, అదీ పగలు కూలికి పోయి రాత్రిళ్లు చేస్తే. ఆ పాట ఎండాకాలమంతా ఆడితే ఆ వారం కష్టం గిట్టుబాటు అవుతుంది. ఇప్పుడు నేర్చుకునేలోపు రీల్ మారిపోతోంది. "కొత్త పాటలు రావా మీకు?" అని పెళ్లివాళ్లు అడగడం, వాళ్లు తలొంచుకోవడం, వచ్చే ఏడు ఆ బేరం వ్యాను మీద డీజే బాక్సులకి పోవడం. తాతల నాటి నుంచి మేళం చేసిన ఇళ్లలో కుర్రాళ్లు ఇప్పుడు చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనికి పోతున్నారు. ట్రంపెట్లు గోడకి వేలాడుతున్నాయి.

2. మా సింగర్లు. బాలుగారు పెరిగిన నెల్లూరు మేం వాయించడానికి పోయే ఊరే. ఆయనా ఒకప్పుడు ఆర్కెస్ట్రా నడిపినవారే, ఇళయరాజాగారు అందులో వాయించినవారే. 2020లో బాలుగారు పోయాక నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టారు, సంతోషం. అక్కడ నేర్చుకున్న పిల్లలకు పాడే చోటు ఏది? పెళ్లి స్టేజీలే కదా. జనం పదిహేను సెకన్లకి మించి వినని పాటకి మనిషి గొంతు దేనికి, పెన్‌డ్రైవ్ చాలు అంటున్నారు.

3. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. పాకల, కొత్తపట్నం వైపు బోట్లు ఒడ్డున ఉంటాయి, మగవాళ్లంతా ఇళ్లదగ్గర ఉంటారు, పెళ్లిళ్లూ కొలుపులూ ఎక్కువగా అప్పుడే పెట్టుకుంటారు. అదే మా సీజన్, మైకు సెట్ల సీజన్, సోడాబండ్ల సీజన్. ఈ మధ్య ఆ పల్లెల్లో రాత్రి ప్రోగ్రాం పెడితే కుర్రాళ్లు ఒక పక్క వాళ్ల బాక్సు పెట్టుకుని వాళ్ల పాటలు, పెద్దవాళ్లు మా ముందు కూర్చుని పాత పాటలు. మధ్యలో గొడవలు. ఒకచోట పోలీసులొచ్చి రెండూ ఆపించారు.

4. పెళ్లి వీడియోలు. ఊరేగింపులో మీ పాట వెనక వినిపించిందని ఆ వీడియో ఆన్‌లైన్లో పెట్టగానే మూగబోతుంది. దుబాయ్‌లో, కువైట్‌లో ఉన్న కొడుకు తన చెల్లెలి పెళ్లి శబ్దం లేకుండా చూసుకోవాలి. మండపాల దగ్గర లైసెన్సు ఫీజు కట్టమని అడిగే ఏజెంట్లు వేరే టెన్షన్. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 పెళ్లి ఊరేగింపుకూ, పెళ్లికి సంబంధించిన వేడుకలకూ మినహాయింపు ఇచ్చింది. 2023 జులై 24న కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖలోని ఒక విభాగం పెళ్లిళ్లలో పాటలకు రాయల్టీ అడగొద్దని పబ్లిక్ నోటీసు కూడా ఇచ్చింది. ఆ నోటీసు ఇంగ్లీషులో ఉంది, మా మండపం మేనేజరు చదవడు, ఏజెంటు చదివినా చదవనట్టుంటాడు. పాట పదిమందిలోకి పోయే దారి ఇదొక్కటే మిగిలితే అక్కడా గేటు వేస్తున్నారు.

5. అమ్మలూ అమ్మమ్మలూ. మనవరాలి పెళ్లిలో ఒక్క పాటకీ చప్పట్లు కొట్టలేక కూర్చుని ఉంటారు. ఇంతకన్నా చెప్పేదేం లేదు.

ఇక మా డిమాండ్లు. పెద్దవేం కావు.

1. ఎండాకాలం సినిమా అని ప్రకటించాక, ఉగాది లోపు దాని పాటలన్నీ ఒకేసారి, పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా బయటికి రావాలి. సినిమా వాయిదా వేసుకోండి, మీ డబ్బు మీ ఇష్టం, పాటల్ని మాత్రం పట్టి ఉంచకండి. సింగిల్స్ వేస్తేనే ప్రచారం నిలుస్తుందని మీ మార్కెటింగ్ వాళ్లంటారు. ఆరు నెలలు ప్రచారం చేసిన పాటలు ఎన్ని వచ్చే ఏడు పెళ్లిలో వినిపిస్తున్నాయో వాళ్లనే అడగండి.

2. పాటతో పాటే గొంతు లేని ట్రాక్, స్వరాలు రాసిన ఒక కాగితం ఉచితంగా పెట్టండి. మీకు ఒక పూట పని. బ్యాండ్ వాళ్లకి వారం మిగులుతుంది.

3. ఊరి ఆర్కెస్ట్రాలు పాడిన వీడియోలకీ, పెళ్లి వీడియోలకీ కాపీరైట్ క్లెయిములు వేయడం ఆపండి. చట్టంలో పెళ్లి వేడుకలకు ఇచ్చిన మినహాయింపు ఏమిటో మీ పేరుతో, తెలుగులో, ఒక పేజీ రాసి సంతకం పెట్టి విడుదల చేయండి. మేం ప్రింటు తీసి ప్రతి మండపంలో అంటిస్తాం, ఆ ఖర్చు మాది.

4. గీత రచయితలను ముందు తెలుగులో రాయనివ్వండి. హిందీ వెర్షన్‌కి ఏమవుతుందో అన్న బెంగ తర్వాత పెట్టుకోవచ్చు.

5. ఎఫ్ఎం స్టేషన్ల వాళ్లకు కూడా ఒక మాట. కంపెనీ ఇచ్చిన లిస్టు తిప్పి తిప్పి వేయకుండా, వేసవి మూడు నెలలు వారానికోసారి శ్రోతలు ఫోన్ చేసి అడిగిన పాటల్లో ఏది ఎక్కువమంది అడిగారో ఊరి పేర్లతో చదివి వినిపించండి. మా ప్లేటు పని మీరు జిల్లా మొత్తానికి చేసినవాళ్లవుతారు.

శ్రావణంలో మళ్లీ ముహూర్తాలు మొదలవుతాయి, ఆలోపు జవాబు చెప్పండి. మెయిల్లో వద్దు, మేం రాసినట్టే పదిమందికీ కనిపించేలా చెప్పండి. కుదరదంటే ఎందుకు కుదరదో అదైనా చెప్పండి, మా వాళ్లకి చెప్పుకుంటాం. మా మాట మీద నమ్మకం లేకపోతే మీలో ఎవరైనా వచ్చే వైశాఖంలో మా వైపు ఒక పెళ్లికి రండి. భోజనం పెళ్లివాళ్లతో చెప్పి మేం పెట్టిస్తాం, స్టేజీ పక్కన కుర్చీ వేయిస్తాం. మైకు మాత్రం మీ కొత్త పాట చరణాలతో సహా మీకు పూర్తిగా వస్తేనే ఇస్తాం.

ఇట్లు,
పెళ్లి ఆర్కెస్ట్రా కీబోర్డు వాయించేవాడు, తోటి మేళం, మైకు సెట్ల వాళ్ల తరఫున
సింగరాయకొండ, ప్రకాశం జిల్లా